గేటు దగ్గర ఆపేసిన మనిషి

వారమంతా ఉద్యోగం. ఈ వెబ్‌సైటులో రాయడానికి దొరికేది ఆదివారమే. మొన్నటి ఆదివారం జ్వరంతో ఉన్న నా భార్యను ఒక్కదాన్నే ఆసుపత్రికి పంపి, ఇక్కడ తమిళనాడులో, ఉద్దనపల్లి నుంచి హోసూరు ఫ్యాక్టరీకి వచ్చే ఒక కాంట్రాక్టు కార్మికుడి వేళ్లు మిషన్‌లో పడి తెగిపోయిన సంగతి రాశాను. అతను సరేనన్నాకే అందులో అతని పేరు పెట్టాను.

ఈ సాయంత్రం అతను మా ఇంటికి వచ్చాడు.

“పనికి పోతే గేటు కాడే నిలిపేసినారప్పా. ఆంధ్రా నుంచి వచ్చిన సూపర్‌వైజరు కంప్యూటర్లో నా పేరు చూసినాడంట. ఏం రాసినావో చదివి చెప్పు. ఇంట్లో తెలుగే గానీ, బళ్లో నేను చదివింది అరవం కదా.”

చదివాను. కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని విన్నాడు.

“అంతా నిజమేనప్పా. అయినా తీసెయ్. పని పోతే పిల్లోళ్లకు ఏం పెట్టేది?”

ఎవరి కోసం రాశానో అతను చదవలేడు. చదివినవాడు అతని కూడు తీశాడు. బాగుంది నా పాఠకలోకం!

తీసేశాను. సూపర్‌వైజరు గారూ, ఇదీ చదువుతారని తెలుసు. రేపు అతన్ని లోపలికి రానివ్వండి. రానివ్వకపోతే ఎందుకో కింద కామెంట్లలో, అందరి ముందూ రాయండి.