ఎడమచేత్తో విత్తనం చల్లిన మనిషి

మొన్న పొద్దున మా తమ్ముడి కూతురు ఫోనుకు ఒక వీడియో పంపింది. ఉద్యోగ శిక్షణ కోసం నెల రోజులుగా అది దూరాన ఒక మహానగరంలో ఉంటోంది, రోజూ నేల కింద నడిచే రైల్లో ఆఫీసుకు వెళ్లివస్తోంది. వెళ్లేముందు నేను దానికి ఒకే పని అప్పజెప్పాను, ఫలానా స్టేషన్లో పట్టాలకు అవతల గోడ మీద విత్తనం చల్లుతున్న రైతు బొమ్మ ఉంటుంది, దాన్ని ఫోటో తీసి పంపమని. బీరంగూడలో మా ఇంటి వంటగదిలో నిలబడి వీడియో తెరిచాను. గోడ సగానికి పైగా తెల్లటి రేకులు బిగించేశారు. మిగిలిన సగం ముందు ఒకతను పరంజా ఎక్కి డ్రిల్లు మిషనుతో గాజు బిళ్లలు రాలగొడుతున్నాడు. రైతు తల ఉంది, ఎడమ చెయ్యి ఉంది, మిగతాదంతా బూడిదరంగు సిమెంటు. నాలుగుసార్లు చూశాను. కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో నాకు తెలియదు, ఆ పూట పప్పు మాడి ఇంట్లో అందరి చేతా మాటలు పడ్డాను.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో నేల కింద రైలంటే మనకు వింత కథే. సంగారెడ్డి బస్సు వేళకు దొరికితేనే గొప్ప. అలాంటిది ఆ స్టేషన్ గోడ మీది బొమ్మను పటాన్‌చెరులో ఒక రేకుల షెడ్డులో కూర్చుని చేసింది మేము, పద్నాలుగుమంది ఆడవాళ్లం. నేను పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చుంటే మా మేనత్త చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆ రంగు గాజు బిళ్లల కార్ఖానాలో పెట్టించింది. అత్త అప్పటికే ఒక బల్లకు పెద్ద. మా పొలాలు కార్ఖానాల కిందికి పోకముందు మా ఇంట్లో ఏటా తొలి విత్తనం ఆమె చేతి మీదుగానే పడేది, ఆమె చెయ్యి మంచిదని ఇరుగుపొరుగు వాళ్లు కూడా పిలుచుకెళ్లేవారు. పొలం పోయాక ఆ చెయ్యి బిళ్లలు అతికించే పనికి అలవాటు పడింది.

ఆ పని పద్ధతి కొంచెం చెప్పాలి, లేకపోతే మేము చేసిన తప్పు అర్థం కాదు. బొమ్మ గీసిన గోధుమరంగు కాగితం బల్ల మీద పరిచి ఉండేది. పట్కారుతో బిళ్లను కావలసినంత ముక్క చేసి, దాని నున్నటి ముఖాన్ని కిందికి పెట్టి మైదా గంజితో కాగితానికి అంటించేవాళ్లం. అంటే మాకు ఎప్పుడూ కనిపించేది బిళ్లల వీపే. ఆరాక కాగితాన్ని చదరాలుగా కోసి, నంబర్లు వేసి, గడ్డి పరిచిన పెట్టెల్లో సర్ది లారీ ఎక్కించేవాళ్లు. గోడ కట్టే చోట మేస్త్రీలు తడి సిమెంటు మీద ఆ చదరాలను అదిమి, కాగితాన్ని నీళ్లతో తడిపి ఒలిచేస్తే అప్పుడు బొమ్మ ముఖం బయటపడేది. ఒలిచే ఆ ఘడియ కోసమే కదా ఇదంతా, అది మాత్రం మాలో ఒక్కరూ చూసి ఎరుగరు. అప్పటిదాకా మేము చేసినవన్నీ హోటళ్ల గోడలకు పూలు, ఈత కొలనులకు అలలు. పువ్వు ఎటు తిరిగినా పువ్వే కాబట్టి కుడి ఎడమల గొడవ మాకు ఎన్నడూ రాలేదు.

ఆ స్టేషన్ నమూనా గీసిన ఇంజనీరు ఒకసారి మా షెడ్డుకు వచ్చాడు. తలంతా నెరిసిన మనిషి, హిందీలో మెల్లగా చెబుతుంటే కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మా సూపర్‌వైజర్ తెలుగులో మాకు వినిపించేవాడు. నేల కింద స్టేషన్ అంటే సొరంగం తొలచడం కాదట, రోడ్డునే నిలువునా తవ్వి, అడుగున కాంక్రీటు పోసి, రెండు పక్కలా గోడలు లేపి, కప్పు వేసి, దాని మీద మళ్లీ మట్టి పోసి రోడ్డు పరుస్తారట. నేలలోని చెమ్మ గోడను ఎప్పుడూ నెడుతూనే ఉంటుంది కాబట్టి రంగులు నిలవవు, గాజైతే నిలుస్తుందన్నాడు. బొమ్మ ఎందుకంటే, కింద చెట్టూ చేమా ఎండా ఏమీ ఉండవు, చదువురాని మనిషికి తాను దిగవలసిన చోటు ఎలా తెలుస్తుంది, అందుకని ప్రతి స్టేషనుకూ ఒక బొమ్మ. ఒక దానికి పడవ, ఒక దానికి చేప. ఇక్కడ మాత్రం రైతు, ఎందుకంటే ఆ స్టేషన్ తవ్విన చోట ఒకప్పుడు వరి పొలాలు ఉండేవట. అంతా విని అత్త ఒకే మాట అడిగింది.

"గా రైతులు ఇప్పుడు యాడ ఉన్నరు సారూ?"

సూపర్‌వైజర్ ఆ మాటను హిందీలోకి మార్చలేదు. ఇంజనీరు నవ్వి నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

తరువాతి వారం రైతు కాగితం మా బల్ల మీదికి వచ్చింది. రైతు నిలువెత్తున మన వైపు తిరిగి నిలబడి ఉన్నాడు, ఒక చేత్తో నడుముకు కట్టిన ఒడి పట్టుకుని, రెండో చేత్తో గింజలు విసురుతున్నాడు. విసిరే ఆ చెయ్యి ఎడమది. ముందు చూసింది నేనే. నాకు నవ్వొచ్చి అత్తకు చూపించాను. ఆమె నవ్వలేదు. మా వైపు ఎడమచేత్తో విత్తనం వేస్తే పెద్దవాళ్లు గట్టు మీదనుంచే కేకలేస్తారు, అటువంటిది లోకమంతా చూసే గోడ మీద అలా పెడతారా అని ఆమె బాధ.

"పట్నపోళ్లకు ఎర్కలేదు. మనం సక్కజేద్దాం తియ్యి," అంది.

కాగితం మీద బొమ్మ తిరగేసి గీస్తారని, ఒలిచాక ఎడమ కుడి అవుతుందని మాకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. చెప్పారేమో కూడా, పూల బొమ్మల రోజుల్లో విని మరిచిపోయి ఉంటాం. రెండు రోజులు కూర్చుని చేతులు మార్చేశాం, గింజలను కూడా అటు నుంచి ఇటు తెచ్చాం, తల జోలికి మాత్రం పోలేదు. సూపర్‌వైజర్ రంగులూ నంబర్లూ సరిచూసి సరేనన్నాడు. పెట్టెకు మేకులు కొడుతుంటే అత్త దాని మీద చెయ్యి వేసి దణ్ణం పెట్టుకుంది.

అక్కడ కాగితం ఒలిచాక రైతు ఎడమచేత్తో విత్తుతున్నాడు, చూపు మాత్రం కుడి వైపు. స్టేషన్ తెరిచే రోజు దగ్గరపడటంతో మార్చే వ్యవధి లేక అలాగే ఉంచేశారట. కబురు వచ్చిన రోజు యజమాని మమ్మల్ని వరుసగా నిలబెట్టి ఎవరి పని ఇది అని అడిగించాడు. అత్త ముందుకు జరిగింది.

"నేనే మార్చమన్న. పిల్లలు నేను చెప్పినట్టు చేసిన్రు."

ముందు చూసింది నేను, చూపించింది నేను. ఆ మాట అనడానికి ఒక్క అడుగు ముందుకు వెయ్యాలి. వెయ్యలేదు. చేతిలో పట్కారు పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాను. ఆ సాయంత్రమే ఆమెను పనిలోంచి తీసేశారు. మర్నాడు నేను మామూలుగా పనికి వెళ్లాను, కొన్నేళ్లకు ఆ బల్లకు పెద్దనయ్యాను కూడా. అత్త కంది ఊరి వైపు పొలాలకు కూలికి పోయేది. ఎదురైతే నన్ను ఎన్నడూ నిష్ఠూరం ఆడలేదు, అదే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది. పని పోయినందుకు ఆమెకు అంత దిగులు లేదు. తన మూలంగా ఒక రైతు నిత్యం ఎడమచేత్తో విత్తుతూ అందరి కళ్లకూ నవ్వులపాలు అవుతున్నాడని దిగులు. ఒక్కసారి పోయి ఆయన్ను చూసి, తప్పైందని చెప్పి రావాలనేది. నేను తీసుకుపోతానని మాటిచ్చాను. నా పెళ్లి, పిల్లలు, ఇంటి పని, మా ఆయన ఆపరేషను, ప్రతి ఏడూ ఏదో ఒకటి అడ్డం వచ్చేది. అడ్డం వచ్చిందనడం కూడా సాకే. రైల్లో రెండు రోజులు ఆమె ఎదురుగా కూర్చుంటే నిజం చెప్పవలసి వస్తుందని నా భయం.

వీడియో చూశాక మేనకోడలికి ఫోను చేసి, అడిగి చూడవే, ఆ ముక్కైనా ఉంచుతారేమో అన్నాను. పాపం అది స్టేషన్ ఆఫీసుకు వెళ్లింది. గోడ వెనక నీళ్లు ఊరుతున్నాయి, పట్టాల పక్కన అద్దాల తలుపులు రాబోతున్నాయి, పై నుంచి ఆర్డరు వచ్చిందని చెప్పారట. తనెవరని అడిగితే ఏం చెప్పాలో దానికి తోచలేదు. ఆ గోడ మీద మా పేరు ఎక్కడుంది గనుక. రాలిన బిళ్లలైనా ఇమ్మంటే చెత్త లారీ పొద్దున్నే వెళ్లిపోయిందన్నారు. ఒక్కటి మాత్రం చెప్పింది. అక్కడి జనం ఆయన్ను ఎడమచేతి రైతు అంటారట, ఎవరైనా ఎవరినైనా కలవాలంటే ఎడమచేతి రైతు ఎదుట నిలబడమంటారట. చూపు ఒక వైపు, చెయ్యి ఒక వైపు ఎందుకున్నాయో గొప్ప గొప్ప అర్థాలు చెప్పేవారు కూడా ఉన్నారట.

నిన్న అత్త దగ్గరికి వెళ్లాను. రెండు కళ్లూ పోయాయి, మంచం దిగలేదు. నిజమంతా చెప్పేసి రావాలనే పోయాను. నా గొంతు వినగానే నా చెయ్యి తడిమి పట్టుకుని, నీ మేనకోడలు బొమ్మ పంపిందా అని అడిగింది. పంపిందన్నాను. పెట్టమంది. ఆమెకు కనబడదు కదా అని పెట్టాను. డ్రిల్లు మోత గదంతా నిండింది.

"ఏందే గా సప్పుడు?"

"రైలొస్తుంది అత్తా."

"మనోడు ఉన్నడా మరి?"

"ఉన్నడు."

"ఎడమ చెయ్యని నవ్వుతున్నరా జనం?"

"నవ్వుతలేరు. అందరు ఆయన కాడనే కలుసుకుంటరట."

ఆమె ముఖం ఎంత తేరుకుందో చెప్పలేను. మూడు జవాబుల్లో ఒక్కటే నిజం చెప్పగలిగాను, అసలు చెప్పవలసింది నోట్లోనే ఉండిపోయింది. తప్పైందని చెప్పుకోవడానికి ఆమెకు ఇక గోడ లేదు. నాకు ఇంకా ఆమె ఉంది, అయినా చెప్పలేకపోయాను.

తిరిగి వస్తూ పటాన్‌చెరులో బస్సు ఆగినప్పుడు మా పాత షెడ్డు ఉన్న వైపు చూశాను. ఇప్పుడక్కడ గోడౌను. ముందు రోడ్డు పక్కన ముగ్గురు కుర్రవాళ్లు సర్వే యంత్రం నిలబెట్టి నేల మీద ఎర్ర గీతలు వేస్తున్నారు, మెట్రో మన దాకా వస్తుందట, ఇక్కడ తల మీదుగా పోతుందట. రానీ, పిల్లలకు సుఖమే. దాని స్తంభాల మీద ఏ బొమ్మ వేస్తారో, ఎవరి చేతులు వేస్తాయో, ఈ నేలలో ఒకప్పుడు ఎవరు విత్తారని ఎవరైనా అడుగుతారో లేదో. మా అత్త అడిగింది, ఆ మాటను మార్చి చెప్పేవాడే అప్పుడు లేకపోయాడు. అత్త ఇంటి నుంచి నేను బయల్దేరేటప్పుడు ఆమె వీడియో మళ్లీ పెట్టమంది. ఆ మోత వింటూ, కుడిచేతిని దుప్పటి మీద మెల్లగా ఇటు నుంచి అటు ఆడించింది, విత్తనం చల్లినట్టు. ఆ చెయ్యి ఆగేదాకా నేను ఫోను పట్టుకుని నిలబడ్డాను.