మంచులో చల్లారిన చికెన్ సలాడ్

మా చిన్నప్పుడు... కెనడాలోని విండ్సర్‌లో ఒక శనివారం పొద్దున, మా వంటింట్లో ఎవరికీ కాలు నిలవలేదు. పొయ్యి మీద తపేలాలో కోడి ఉడుకుతోంది. స్రవంతి అక్క ఊరికే మూత తీసి చూస్తోంది... అమ్మ ఆ మూత మళ్ళీ పెడుతోంది.

స్రవంతి అక్కది కరీంనగర్. మా బేస్‌మెంట్‌లో ఉండే ముగ్గురు స్టూడెంట్ అక్కల్లో చిన్నది. నాకు ఒత్తులూ గుణింతాలూ దిద్దించింది తనే. అప్పట్లో విండ్సర్‌లో ఎటు చూసినా మన పిల్లలే... బస్సులో తెలుగు, లైబ్రరీలో తెలుగు. పార్ట్‌టైమ్ ఉద్యోగాలు మాత్రం అందరికీ సరిపోయేవి కావు. అక్క చలికాలం మొదలవకముందు నుంచీ తిరుగుతూనే ఉంది. ఎక్కడికెళ్ళినా "మేమే ఫోన్ చేస్తాం" అనేవారట. ఆ ఫోన్ వచ్చేది కాదు.

చివరికి లొరైన్ అనే పెద్దావిడ నడిపే చిన్న కెఫేలో ఒక అవకాశం దొరికింది. ఆవిడ పుట్టింది అమెరికా దక్షిణాన, అలబామాలో... అవతలి ఒడ్డున డెట్రాయిట్‌లో చాలా ఏళ్ళుండి, నది దాటి ఇటు వచ్చేశారు. "మా దక్షిణాది పద్ధతిలో చికెన్ సలాడ్ ఇంట్లో చేసి, శనివారం మధ్యాహ్నం పట్టుకురా. తిని చెప్తా" అన్నారట.

అక్క అది చెప్పి మొహం వేలాడేస్తే, అమ్మ నవ్వేసింది. కెనడా రాకముందు మేము అమెరికాలో, అలబామా పక్కనే ఉన్న జార్జియాలో ఉండేవాళ్ళం. అక్కడ నాన్న వీసా మీద ఉన్న అమ్మకి ఉద్యోగం చేసే వీల్లేదు. పొద్దస్తమానం ఇంట్లో తోచక, పక్కింటి మామ్మగారి దగ్గర అక్కడి వంటలన్నీ నేర్చేసుకుంది.

"అదేం బ్రహ్మవిద్య కాదే! నేను చేయిస్తాగా" అంది.

కోడిని ఎముకలతోనే ఉడికించాలి... పీచులుగా విడదీయాలి... పూర్తిగా చల్లారాకే మయొనైజ్ కలపాలి. ఇదంతా చెప్పి, ఇంతలో ఫోన్ మోగితే అమ్మ హాల్లోకి వెళ్ళింది. చల్లారేదాకా ఆగే ఓపిక అక్కకి ఎక్కడిది? వేడి వేడి చికెన్‌లోనే మయొనైజ్ గుమ్మరించేసింది. అంతా కరిగి, పైన నూనె తేలింది.

"నాతోని కాదాంటీ... కాల్జేతులు ఆడ్తలేవు నాకు" అంటూ అక్క కింద కూలబడింది.

హాల్లోంచి వచ్చి చూసిన అమ్మ తిట్టలేదు. "లేవవే... ఇంకా సగం కోడి ఉందిగా" అంది.

కానీ టైమ్ లేదు. ఫ్రిజ్‌లో పెడితే ఎప్పటికి చల్లారేను? నేను కిటికీ బయటికి చూసి "మామ్, జస్ట్ పుట్ ఇట్ ఇన్ ద స్నో!" అన్నాను. ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు.

మూత పెట్టిన గిన్నెను ఇంటి వెనక చెక్క డెక్ మీద మంచులో పూడ్చాం. ఉడతలు రాకుండా నేను కాపలా... పైజమా మీద స్నో బూట్లు, చేతిలో అట్లకాడ! లోపల ఇద్దరూ సెలెరీ కాడలు, ఉడికిన గుడ్లు, వెనిగర్‌లో ఊరిన తియ్య కీరా పికిల్ ముక్కలు సన్నగా తరుగుతున్నారు.

"ఒక్క పచ్చిమిరపకాయ ఎయ్యనా ఆంటీ? మంచిగుంటది."

"ఉద్యోగం కావాలా, మిరపకాయ కావాలా నీకు?"

మయొనైజ్, కొంచెం మస్టర్డ్, నిమ్మరసం, మిరియాల పొడి... ఈసారి చక్కగా కలిసింది. తీరా బయల్దేరబోతే, మంచు వల్ల బస్సు రావట్లేదని అక్క ఫోన్‌లో కనబడింది. నాన్నేమో తన ఫ్రెండ్ కారులో డెట్రాయిట్ డ్యూటీకి వెళ్ళారు. మా కారు వాకిట్లోనే ఉంది. కానీ కిందటి చలికాలం ఒకసారి కారు జారినప్పటి నుంచి అమ్మ స్టీరింగ్ ముట్టుకోలేదు.

అమ్మ కిటికీలోంచి కారు వైపు చూసి... తాళాలు తీసుకుంది. "బెల్ట్ పెట్టుకోండి" అంది, అంతే. ఒళ్ళోని గిన్నె చల్లదనం నా తొడలకి తెలుస్తోంది... ముందు సీట్లో అమ్మ పెదాలు కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకుంటోందనుకుంటా.

లొరైన్ గారు ఒక స్పూన్ తిన్నారు. ఇంకో స్పూన్ తిన్నారు. "ఉప్పు తగ్గింది" అన్నారు. అక్క మొహం పాలిపోయింది. "అది పెద్ద విషయం కాదు. సోమవారం నుంచి రా."

అక్క సంతోషపడి ఊరుకోవచ్చు కదా... ఊరుకోలేదు. "నాకు రాదు మేడమ్. ఆంటీ నేర్పించారు" అని అమ్మని చూపించింది.

ఆవిడ అమ్మ వైపు తిరిగారు. "మరి నువ్వెక్కడ పనిచేస్తున్నావు?"

"నాకు వర్క్ పర్మిట్..." అని అలవాటుగా మొదలుపెట్టి, అమ్మ ఆగిపోయింది. మాకు పీఆర్, అంటే కెనడాలో శాశ్వతంగా ఉండే హక్కు, వచ్చి అప్పటికే చాలా రోజులైంది. పని చేయొద్దనేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు... కానీ పని చేస్తావా అని అమ్మని ఎవరూ అడగలేదు, అమ్మ కూడా తనని తాను ప్రశ్నించుకోలేదు. మెల్లగా అంది, "ఎక్కడా చేయట్లేదండీ. కానీ చేయాలనుంది."

అమ్మ తనకోసం ఏదైనా కావాలని అనడం నేను వినడం అదే మొదటిసారి.

"అయితే ఇద్దరూ రండి" అన్నారు లొరైన్ గారు.

తిరిగొచ్చేటప్పుడు అమ్మ ఇంటి దారి పట్టలేదు. నది పక్కన ఉన్న చుట్టుదారిలో, మెల్లగా, అవసరం లేకపోయినా చాలాసేపు కారు నడిపింది. వెనక సీట్లో అక్కా నేనూ ఒకటే నవ్వు...

అక్క ఇప్పుడు కాల్గరీలో ఉంటోంది, ఒక బాబు. లొరైన్ గారు పెద్దవారై కెఫే మూసేసేదాకా అమ్మ అక్కడే చేసింది. ఇప్పుడు ఒక స్కూల్ కిచెన్ నడిపిస్తోంది. నేనేమో వాటర్లూ యూనివర్సిటీలో, క్లాసుకీ క్లాసుకీ మధ్య ప్లాస్టిక్ డబ్బాలో చికెన్ సలాడ్ కొనుక్కుని తింటుంటాను. రుచికి వంకేం లేదు... కానీ అందులో ఎవరి కంగారూ లేదు.

మీ ఇంట్లో ఎవరికైనా మొదటి ఉద్యోగం వచ్చిన రోజు గుర్తుందా? ఆ రోజు ఇంట్లో ఏం వండారు... ఎవరు ఎక్కువ సంబరపడ్డారు? చెప్పండి, వినాలనుంది...