చాందిని మెడలో చీటీ

ముందే చెప్పేస్తున్నాను. ఒక రోజు నేను ఒక గుర్రాన్నీ, లారీ అంత ఉక్కు గదినీ, నా పరువునూ ఒకేసారి పేల్చేయబోయాను. మొదటి రెండూ పేలలేదు. మూడోదాని సంగతి మీరే తేల్చండి.

సూరత్‌లో, కామ్‌రేజ్ దగ్గరి ఒక ప్రైవేటు పశువుల ఆసుపత్రిలో ఆక్సిజన్ గదికి నేను టెక్నీషియన్ని. గుర్రాన్ని లోపల నిలబెట్టి, తలుపు బిగించి, ఆక్సిజన్ నింపి ఒత్తిడి పెంచుతాం. మొండి పుండ్లు మానడానికి అదొక ప్రయత్నం. అంత ఆక్సిజన్‌లో మాత్రం చిన్న నిప్పురవ్వ చాలు. గుర్రపు నాడా గోడకు తగిలినా, పాలిస్టర్ గుడ్డ రాసుకున్నా పుట్టొచ్చు. అందుకే ఇరవై రెండు జాగ్రత్తలతో జాబితా తయారుచేసి, లామినేషన్ చేయించి, కొత్త పెళ్లికొడుకు అద్దం చూసుకున్నట్టు చూసుకునేవాణ్ణి.

మల్లేశం కాక చాందినిని తెచ్చాడు. కాకది మా సిరిసిల్ల వైపే. ముప్పై ఏళ్లు మగ్గాల మోతలో చెవులు పోగొట్టుకున్నాడు. ఆయన నమస్తే అంటే డుమస్ సముద్రం వెనక్కి జరుగుతుంది. మగ్గం మానేశాక ఈ తెల్ల గుర్రాన్ని కొని, ఆ ఒడ్డున పిల్లల్ని తిప్పేవాడు, పెళ్లి ఊరేగింపులకు తోలేవాడు. ఇప్పుడు దాని వెనక కాలి పుండు ఎముక దాకా పోయింది. మానకపోతే ఇక నిలబడలేదని డాక్టరమ్మ చెప్పేసింది.

"జర మంచిగ చూడు బిడ్డా. ఇంట్ల నేను, ఇది. ఇద్దరమే."

"నాడాలు తీపిచ్చినవా కాకా?"

"ఆఁ?"

"నాడాలు!"

"తీపిచ్చిన! గంత మొత్తుకుంటవేంది, నాకేమన్న చెవుడా?"

గుర్రం మెడలో గంటలు విప్పాను. జూలుకు రాసిన కొబ్బరినూనె కడిగాను. కాక భుజం మీద పాలిస్టర్ తువ్వాలు చూసి, "దూరం జరుగు!" అని అరిచాను.

"సూరత్ల పాలిస్టర్ లేని మనిషిని యాడికెల్లి తెస్తవ్‌రా?"

ఇరవై రెండు టిక్కులు పెట్టాను. పైన పెద్ద అక్షరాలతో 'చాందిని' అని రాశాను. నా పనితనం అందరికీ కనబడాలిగా? ఆ జాబితాను గుర్రం మెడలోని నూలు తాడుకు కట్టి, లోపలికి పంపి, తలుపు బిగించాను.

ఒత్తిడి ఎక్కుతోంది. డాక్టరమ్మ కిటికీ అద్దానికి ముఖం ఆనించింది.

"భాయ్, మెడలో ఏదో చమక్‌మంటోంది?"

"నా జాబితా, మేడమ్."

"దేనితో కట్టావు?"

సలాబత్‌పురా చీరల దుకాణంలో పనిచేసే మా అక్క ఇచ్చిన జరీ లేసు అది. పాలిస్టర్, పైన లోహపు తళుకు. తొమ్మిదో జాగ్రత్త, పదకొండో జాగ్రత్త ఒకే ముడిలో! వాటిని వద్దన్న చీటీయే వాటిని లోపలికి తీసుకెళ్లింది.

తలుపు వెంటనే తెరవడం కుదరదు. ఆక్సిజన్ ఆపి, ఒత్తిడి మెల్లగా దించాలి. గాలి బుసకు చాందిని బెదిరి గోడల్ని తన్నింది. తల విదిలించినప్పుడల్లా చీటీ ఊగింది.

"చాందినీ! నేనీడనే ఉన్న!"

ఆ ఉక్కు దాటి వినపడగల గొంతు సూరత్‌లో కాకదొక్కటే. గుర్రం కుదురుగా నిలబడింది. రవ్వ పుట్టలేదు.

కానీ ఆ తర్వాత చాందిని ఆ గదిలో కాలు పెట్టలేదు. బెల్లం చూపించినా గడప దగ్గరే ఆగి వణికేది. గది దాన్ని బతికించేదో లేదో ఎవరూ చెప్పలేరు. ఆ అవకాశం పోగొట్టింది మాత్రం నేను. నెల తిరక్కుండా డాక్టరమ్మ ఆఖరి సూది వేసింది. కాక దాని తల ఒళ్లో పెట్టుకుని, మొదటిసారి మెల్లగా మాట్లాడాడు. ఏమన్నాడో నాకు వినపడలేదు.

తర్వాత డుమస్‌లో ఆయన ఇంటికి వెళ్లాను.

"తప్పు నాదే కాకా."

"ఆఁ?"

"తప్పు నాది!"

"ఆఁ?"

"తప్పు నాదే!" బయట బండి దగ్గర బజ్జీలు తింటున్నవాళ్లంతా తిరిగి చూశారు.

"మొదటిసారే ఇన్న బిడ్డా. ఇంకో రెండుసార్లు ఇనాలనిపిచ్చింది."

చాందిని మెడలోంచి విప్పి దాచుకున్నాడేమో, గోడకు నా చీటీ వేలాడుతోంది, అదే లేసుతో. కింద ఊదుబత్తి.

"ఇది పారెయ్యి కాకా."

"ఎట్ల పారేస్త? పెండ్లి ఫొటోలల్ల అంత పెండ్లిపిల్లగాడే. దీని చెవులు గూడ రావు. దీని పేరు రాసింది నువ్వొక్కనివే."

చదవమన్నాడు. ఇరవై రెండూ అరిచి చదివాను. "తొమ్మిది, పాలిస్టర్ లేదు" మాత్రం మెల్లగా చదివాను. ఆయన "ఆఁ?" అనలేదు.

కాబట్టి ఆ ఊదుబత్తి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇరవై మూడో జాగ్రత్త: జాబితా బయటే ఉండాలి. దాని పక్కన టిక్కు మాత్రం నేను పెట్టను. డాక్టరమ్మ నా జేబులు తడిమి చూసి పెడుతుంది.