పసుపు రబ్బరు పలకలు

ఆరేళ్లుగా రెండు రబ్బరు ముక్కల్ని మోస్తున్నాను. రెండూ కలిపి అరచేతిలో పడతాయి. వాటిని చెత్తబుట్టలో పారేసింది నేనే, అయినా నా మీది నుంచి దిగలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. ఒక్క మాట, నన్ను ఓదార్చకండి. ఓదార్పు వింటే నాకు ఒళ్లు మండుతుంది.

నేను సౌదీలోని జిజాన్‌లో ఇంజినీరుని. నాకు తెలియని సంగతంటూ ఉండకూడదు, అదీ నా జబ్బు. ఎప్పుడో కుర్రతనంలో హిమాలయాల్లో కొండలెక్కే శిక్షణ ఒకటి పూర్తిచేశాను. ఆ ఒక్క ముక్క పట్టుకుని, శుక్రవారాలు ఫైఫా కొండలకు వెళ్లే మా తెలుగువాళ్ల గుంపులో మాస్టారినైపోయాను. ఆ చలికాలం నలుగురం జార్జియా వెళ్లి మంచుకొండ ఎక్కాలనుకున్నాం. సామాను ఎంచే పెత్తనం నాది. ఎవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను.

ఆ నలుగురిలో సువార్త ఒకతి. నరసాపురం దగ్గరి పిల్ల, ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. వార్డులో పన్నెండు గంటలు నిలబడి డ్యూటీ చేసి, మర్నాడు మాతో కొండెక్కేది. మంచు ఎప్పుడూ చూడలేదు. ఒక్కసారి దాని మీద నడవాలని ఆశ. నన్ను అన్నయ్యా అనేది.

మంచుగొడ్డలి మాత్రం ఆమెకి సరిగ్గానే ఎంచాను. చెయ్యి కిందికి వదిలేసి పట్టుకుంటే గొడ్డలి మొన చీలమండ దగ్గరికి రావాలి. ఆమె పొట్టి, అందుకని పొట్టిదే వెతికి తెప్పించాను. ఆ తర్వాత ఆమె ప్రాణం నిలిపింది ఆ గొడ్డలే. ఈ మాట కూడా గొప్ప కోసం చెప్పుకుంటున్నానా? ఏమో, నన్ను నేను నమ్మను.

ఇక క్రాంపాన్లు, అంటే బూట్ల కింద బిగించుకునే ఉక్కు ముళ్లు. నా దగ్గర రెండు జతలున్నాయి. ఒకటి కొత్తది. రెండోది ఉద్యోగం వదిలి, ఫైనల్ ఎగ్జిట్ మీద ఇండియా వెళ్లిపోతూ తోటి ఇంజినీరు ఇచ్చిపోయింది. నువ్వు కొనొద్దు, నేనిస్తానని సువార్తకి మాటిచ్చాను. ఆ ముళ్ల మధ్య అడుగున ఒక రబ్బరు పలక ఉంటుంది. తడి మంచు అంటుకోకుండా చూడటమే దాని పని. అది లేకపోతే మంచు ముద్దకట్టి ముళ్లను మింగేస్తుంది, ఇక కాలు జారకుండా ఆపేది ఏదీ ఉండదు. ఆ పాత జతను నేను వేసవంతా కారు డిక్కీలో వదిలేశాను. జిజాన్ వేసవిలో డిక్కీ అంటే పొయ్యి మీది మూకుడు. బుద్ధున్నవాడెవడైనా అలా చేస్తాడా? పలకలు ఎండి, పగిలి, అప్పడాల్లా విరిగాయి. పీకి పారేశాను. ప్రయాణానికి ఇంకా పదిరోజులుంది. నిజం చెబితే ఆమె తనకి వేరే జత తెప్పించుకునేది. కానీ మాస్టారు సామాను పాడుచేశాడని నలుగురూ నవ్వితే? ఇంత చిన్న భయానికి అంత పెద్ద పాపం చేస్తాడా మనిషి? చేస్తాడు. చేశాను.

ఫైఫాలో కారు ఆపి, బూట్లకి బిగించుకోవడం నేర్పిస్తుంటే అడిగింది.

“అన్నయ్యా, మీదాని కింద పసుపు రబ్బరుంది గదా, నాదానికి లేదేంటండీ?”

“పాత మోడల్‌కి ఉండదమ్మా. అక్కర్లేదు కూడా.”

“మీరు చెప్పాక ఇంకేముందిలెండి,” అని నవ్వి పట్టీ బిగించుకుంది.

జార్జియాలో కొండెక్కేటప్పుడు మంచు పొడిగా ఉంది, ఏమీ కాలేదు. దిగేసరికి ఎండెక్కి తడిసింది. ఆమె అడుగుల కింద ముద్దలు కట్టడం కళ్లారా చూశాను. బిగింపు కాస్త జరిపితే నావి ఆమె బూట్లకి సరిపోతాయి. ఆగు, నావి వేసుకో అనొచ్చు. అంటే అబద్ధం బయటపడుతుంది. గొడ్డలితో కొట్టుకుంటూ రా అన్నాను. పాపం, నాలుగడుగులకోసారి ఆగి బూటుని కొట్టుకుంటూనే ఉంది. అలాగే జారింది. గొడ్డలి మంచులో దింపి ఆగింది గానీ, కుడి చీలమండ అప్పటికే నుజ్జయింది.

మాతో వచ్చిన అక్కడి గైడు ఆమె బూట్ల కింద చూశాడు. తర్వాత నా బూట్ల కింద చూశాడు. ఏమైందని నన్నడిగాడు. మంచు సరిగ్గా దులుపుకోలేదని చెప్పాను, ఆమె అక్కడే పడి ఉండగా, ఆమెకి వినబడేలా. ఆ నాలుక తెగి పడి ఉంటే బాగుండేది.

ఆ కాలితో పన్నెండు గంటలు నిలబడటం ఆమెవల్ల కాలేదు. ఆసుపత్రి కాంట్రాక్టు పొడిగించలేదు. ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్లిపోయే ముందు కుంటుకుంటూ మా ఇంటికొచ్చింది. క్రాంపాన్లు శుభ్రంగా కడిగి, గుడ్డలో చుట్టి తెచ్చింది. నావల్ల మీ అందరి ట్రిప్పూ పాడైందని నాకే క్షమాపణ చెప్పింది! తేలు కుట్టిన దొంగలా తీసుకుని లోపల పెట్టుకున్నాను. ఆ క్షణాన ఆమె మీద కోపం వచ్చింది నాకు. నన్ను అనుమానించనందుకు. సిగ్గులేని కోపం, అయినా వచ్చింది.

మొన్న మా గుంపులో కొత్తవాళ్లు సామాను ఎలా ఎంచాలో చెప్పమన్నారు. రబ్బరు పలక లేని జత ముట్టుకోవద్దని నొక్కి చెప్పాను. చప్పట్లు కొట్టారు. అనుభవం అంటే ఇదీ అన్నాడొకాయన. లేచి వాడి చెంప పగలగొట్టాలనిపించింది. పగలాల్సింది నా చెంప.

సువార్త ఇప్పటికీ క్రిస్మస్‌కి ఫోన్ చేస్తుంది. ఆ రోజు ఇంకొంచెం జాగ్రత్తగా దులుపుకోవాల్సిందని ప్రతిసారీ తనని తాను తిట్టుకుంటుంది. నేను ఊఁ కొడతాను. ఆరేళ్లుగా ఊఁ కొడుతున్నాను. ఇక కొట్టలేను.

మీకు చెప్పేశాను కదా, ఊపిరి కాస్త ఆడుతోంది. ఇదే కాగితం ఆమెకీ పంపుతున్నాను. క్షమించమని అడగను. అడిగితే క్షమించేస్తుంది, అంత చవగ్గా వదిలించుకోవడం నాకు వద్దు. ఆనాడు ఫైఫాలో ఆమె అడిగిన ప్రశ్నకి జవాబు మాత్రం రాస్తాను.

ఉంటుంది సువార్తా. ఆ జతకీ రబ్బరు ఉండేది. నేనే పాడుచేసి, నేనే పీకి పారేసి, నీకు అబద్ధం చెప్పాను. నువ్వు మంచు దులుపుకుంటూనే ఉన్నావు. నేను చూశాను.