తేటనీళ్ల కింది ఏరు

మొన్న మా మనవరాలు సెలవలకొచ్చి, ఒళ్లో పెట్టుకునే కంప్యూటరు తెరిచి నాకొక బొమ్మ చూపించింది. నా అరికాలి పగుళ్లను ఫొటో తీసిందేమో అనుకున్నాను. "కాదవ్వా, ఇది సముద్రం అడుగు. అక్కడ గూడా ఏర్లుండాయి" అంది. ఓడలో పోయి సముద్రం అడుగు మట్టిని తోడి చూసే చదువు దానిది. ఇంటి ముందర చిమ్మమంటే నడుము నొప్పంటుంది, సముద్రం అడుగు మటుకు గీక్కొస్తుంది. మన పెన్నలాంటి ఏర్లు తెచ్చిపోసిన ఒండ్రు సముద్రపు అంచున కుప్పపడి, ఎప్పుడో ఒకప్పుడు జారుతుందట. ఆ బురదనీళ్లు బరువు గనుక పైనున్న తేటనీళ్లతో కలవకుండా అడుగునే పాకుతాయట. పాకుతూ దారి కోసుకుంటాయి, పొర్లిన ఒండ్రుతో రెండు పక్కలా గట్లు వేసుకుంటాయి, వాలు తగ్గినచోట విసనకర్రలాగా పరుచుకుంటాయి. "పైన ఓడలో ఉండేవాళ్లకు ఏమీ తెలవదవ్వా. నీళ్లు నీలంగానే కనిపిస్తాయి" అంది. ఆ మాటకు నా నోట్లో వక్క నలగలేదు. నేను సంతకం మటుకు నేర్చిన మనిషిని, సముద్రాన్ని దూరం నుంచి ఒక్కసారే చూశాను. అయినా అది చెప్పిన ఏరును నేనెరుగుదును. నా మొగుణ్ణి తీసుకుపోయింది అదే.

తెల్లదొరలు పోయి కొన్నేళ్లయిన కాలం అది. ఉదయగిరి కొండ నీళ్లు ఒక వాగై వచ్చి మా ఊరి చెరువులో పడేవి. నన్ను మా అమ్మ తమ్ముడికే ఇచ్చారు, అందుకే మొగుణ్ణి మామా అనీ, అత్తను అవ్వా అనీ పిలిచేదాన్ని. మామ ఊరి నీరుగట్టి. చెరువు నీళ్లు పొలాలకు పంచడం, తూము నోరు పూడితే మునిగి చేత్తో తవ్వి తీయడం ఆయన పని. ఆయన ఊపిరి పట్టాడంటే కట్ట మీదివాళ్లకు గుండె ఆగిపోయేది. ఇంట్లో నేను గొణిగినప్పుడు కూడా అట్లాగే బుగ్గలు పూరించి, నేను నవ్వేదాకా ఊపిరి వదిలేవాడు కాదు. మునగడానికి మా ఊళ్లో ఒక కట్టడి ఉండేది. ముందుగా పెద్దమనిషి ఒకరు తూము దగ్గర దోసిట నీళ్లు పట్టాలి. నీళ్లలోంచి అరచేతి గీతలు కనిపిస్తేనే మనిషి దిగాలి. దిగినవాడి నడుముకు కట్టిన తాడు వాడి ఇంటి మనిషే పట్టుకోవాలి.

ఆ ఏడు వానలు లేవు, చెరువులో నిరుటి నీళ్లే ఉన్నాయి. వరి పొట్ట మీద ఉంది, తూము లేపినా కాలువలోకి చుక్క రాలేదు, లోపల పూడిపోయింది. ఆ పొద్దున కొండ మీద మటుకు ఉరిమి వాన పడింది. వాగు ఎర్రగా వచ్చి చెరువు అవతలి మూలన దిగింది. దిగినచోట గీత గీసినట్టు ఎరుపు ఆగిపోయింది, ఆ గీత మీద ఆకులూ పుల్లలూ తిరుగుతున్నాయి. ఎర్రనీళ్లు అక్కడే నిలిచిపోయాయని అందరం అనుకున్నాం. అవి నిలవలేదు, మునిగాయి.

మునసబు దోసిలి పట్టి చూశాడు. "గీతలు చక్కంగా కనపడతా ఉండాయిరా. ఎర్రనీళ్లు ఇటొచ్చేలోపల తూము నోరు తియ్" అన్నాడు.

"మామా, వాగొచ్చేసినాది. రేపు దిగుదువులే" అన్నాను.

"రేపటికి ఆ బురదంతా తూము మీద కూచుంటాది. అప్పుడు పైరును నువ్వు కన్నీళ్లతో తడుపుతావా ఏంది? తాడు పట్టుకో, నిద్రపోబాక" అని నవ్వి దిగాడు.

ఒకసారి పైకొచ్చి ఉమ్మి, "ఇంకొంచెమే ఉండాది" అని మళ్లీ మునిగాడు. తాడు నా చేతిలో చేపలాగా ఆడుతూ ఉంది. ఉన్నట్టుండి ఆట మానింది. నీళ్లు అద్దంలాగే ఉన్నాయి, నా మొహం నాకు కనిపిస్తూనే ఉంది. లాగాను. చెట్టువేరును లాగినట్టుంది. అరిచాను, మగవాళ్లొచ్చి పట్టారు, అందరం వెనక్కి పడేటట్టు తాడు ఊడొచ్చింది. పైభాగం శుభ్రంగా తడిసి ఉంది, కిందిభాగమంతా ఎర్రటి జిగట. చివర మనిషి లేడు. అప్పటిగ్గాని అడుగునుంచి ఎర్రటి బుడగలు లేవలేదు. దూకినవాళ్లు దూకినట్టే పైకొచ్చి, "చెయ్యి పెడితే భుజం దాకా దిగబడతా ఉండాది, ఏమీ కనపడదు" అన్నారు. ఎవరో వెనకనుంచి, "ఏసు మిషనోళ్లలో కలిసినాడు గదా, గంగమ్మకు కోడి కొయ్యకుండా దిగినాడు" అన్నారు. అవ్వ అటు తిరిగింది. "కోడిని కోస్తే బురద నిలబడతాదంట్రా? నీ కోడి నువ్వే కోసుకుని తిను. ముందు నా బిడ్డను తీసియ్యండిరా!" అంది. ఎవరూ తీసియ్యలేకపోయారు.

పైరు ఎండింది. ఊరు సగం ఆత్మకూరు కూలికి పోయింది. నా చంకలో చంటిబిడ్డ. "బిడ్డకు పాలు గూడా ఎండిపోయినాయి నీకు, పోదాం పామ్మా" అని అవ్వ బతిమాలింది. "మామ ఇక్కడే ఉండాడు, నేనెట్ట వచ్చేది?" అన్నాను. గంజినీళ్లు బిడ్డ నోట్లో పిండుతూ చెరువు ఎండేదాకా కట్ట మీదనే ఉన్నాను. నీళ్లు తగ్గేకొద్దీ చెరువు అడుగున ఒక కాలువ బయటపడింది. ఎవరూ తవ్వింది కాదు. వాగు దిగేచోట మొదలై, అటూ ఇటూ మెత్తటి గట్లతో, సూటిగా తూము దగ్గరికి వచ్చి అక్కడ పరుచుకుని ఉంది. పొలాలకు ఎరువుగా ఆ ఒండ్రు తోలుకోవడానికి బండ్లు దిగాయి. నేను ప్రతి బండి పక్కనా నిలబడి, గంప గంపకూ చేత్తో కెలికి చూసేదాన్ని. పిచ్చిదన్నారు, అననీ. పార తగిలినచోట కింద ఇసక, పైన వెన్నలాంటి బంకమట్టి వరసలుగా కనిపించేది. ఆ వరసల కింద, తూము పక్కన మామ దొరికాడు. చెయ్యి తూము నోట్లోనే ఉంది. మట్టిలోంచి తీసి మట్టిలోనే పెట్టాం. ఆ తరవాతే ఆత్మకూరు పోయి రోడ్డు కంకర కొట్టాను, బిడ్డను బతికించుకున్నాను. ఆ బిడ్డ కన్న బిడ్డే ఇది.

ఇంతకాలం నన్ను తినేసింది ఒకటే. కింద ఆయన ఎంతసేపు నాకోసం చూశాడు అని. అదే అడిగాను మనవరాలిని. అది నా చెయ్యి పట్టుకుని, "చూసేంత టైము ఉండదవ్వా" అంది. నిజమో, నా కోసం అన్నదో. సముద్రంలో జానెడు మట్టి పేరడానికి ఎన్నో తరాలు పడుతుందట, ఒక్కోసారి మటుకు అదే జానెడు ఒక్క పూటలో వచ్చి పడుతుందట. నా బతుకులో తరవాత పేరిన ఏళ్లన్నీ పలచన, ఆ ఒక్క పూటే మందం.