పాదరసానికి హారతి

ఆ రోజుల్లో నాకు అక్షరం ముక్క రాదు గానీ, ఏ దేవుడికి ఏం చెయ్యాలో అన్నీ తెలుసనుకునేదాన్ని. అలాంటి నన్ను హొసకోటె దగ్గర ఒక ల్యాబులో ఊడ్చే పనికి పెట్టుకున్నారు. ప్రెషర్ గేజీలు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో పరీక్షించే చోటది. ఒక గదిలో నా ఎత్తు గాజుగొట్టం, అందులో పాదరసం. ఒత్తిడి పెరిగేకొద్దీ అది పైకి లేస్తుంది. ఆ ఎత్తును వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచే పెద్దాయనను కంబం సారు అనేవాళ్ళం (రోజంతా దాని ముందు రాతికంబంలా నిలబడేవారు మరి).

ఆయుధపూజ నాడు పొద్దున్నే లేత్ మిషను నుంచి వాచ్‌మన్ సైకిలు దాకా అన్నిటికీ కుంకుమ పడింది, ఒక్క పాదరసానికి తప్ప. ఆ గదిలోకి ఎవరూ వెళ్ళొద్దని సారు ముందురోజే చెప్పారు. పాదరసంతో శివలింగాలు చేస్తారని మా అమ్మమ్మ అనేది. అంటే గొట్టంలో నిలబడి ఉన్నది సాక్షాత్తు శివుడే కదా, పండగపూట ఆయన్ను పస్తుంచుతామా? గాజుకు విభూతి పెట్టి, పక్కన దీపాలు వెలిగించి, హారతిచ్చి, (తెలివిగా) అన్నీ తీసేసి, తుడిచి బయటికొచ్చాను.

కాసేపటికి సారు వచ్చారు. పాదరసం ఉండాల్సిన చోటు కంటే పైన ఉంది, చూస్తుండగానే కొద్దికొద్దిగా దిగుతోంది. మళ్ళీ మళ్ళీ కొలిచారు. చివరికి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, "ఇన్నేండ్లు చేసిన పనప్పా, ఇప్పుడు కండ్లు పోతా ఉండాయేమో" అని తనలో తాను గొణుక్కున్నారు. తలుపు దగ్గర చీపురుతో ఉన్న నాకు ఆ మాట వినపడింది. చెబితే నా పని పోతుంది. చెప్పకపోతే ఆయన తన కళ్ళే పోయాయనుకుంటారు.

"మీ కండ్లకేం కాలేదు సార్. నేనే దీపాలు పెట్టినా."

"ఎన్ని?"

"రెండు. కర్పూరం కూడా రెండు బిళ్ళలు."

"ఎంతసేపు?"

"నాకొచ్చిన పాట అయిపోయేదాకా సార్."

ఆయన వాచీ చూసుకున్నారు. "అయితే పాడమ్మా, ఎంతసేపో చూడాల."

మొత్తం పాడాను. ఆయన ఎంతో శ్రద్ధగా టైము చూసి పుస్తకంలో రాసుకున్నారు.

"రవంత వేడి తగిల్తే చాలు, పాదరసం ఉబ్బి తేలికైతాది. అప్పుడు అదే ఒత్తిడికి ఇంకా పైకి లేస్తాది. అందుకేనమ్మా ఈ గదిని ఒకే చల్లదనంలో పెట్టేది" అన్నారు. మేనేజరుకు ఫోన్ చేసి, "గది వేడెక్కి ఉండాది, కొలత రేపు తీస్తా" అన్నారంతే. నా పేరెత్తలేదు. "వచ్చే ఏడు తలుపు బయట చెయ్. శివునికి ఆడనుంచి కూడా వినపడతాది."

ఇప్పుడు అక్షరాలు నేర్చుకుని ఇది నేనే రాస్తున్నాను. లోకం తీరు కూడా కాస్త తెలిసింది. ఈ తెలివితో అప్పుడు ఆ తలుపు దగ్గర నిలబడి ఉంటే, చీపురు తీసుకుని మెల్లగా పక్కగదికి జారుకునేదాన్నేమో.