కోర్టు కాగితంలో మిగిలిన కొడుకు

మొన్న అనంతపురంలో చదువుకుంటున్న మా మనవరాలు సెలవులకొచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండానే నన్ను దొంగను చూసినట్టు చూసింది. వెనకటి ఆడవాళ్ల బతుకుల మీద ఏదో పరిశోధన చేస్తోందట, అందుకోసం పాత కోర్టు కాగితాలు తిరగేస్తుంటే మా అమ్మ పుట్టింటి భూమి తగాదా కంటబడిందట. ఫోనులో ఫోటో తీసుకొచ్చిన ఆ కాగితాన్ని నా ముక్కు ముందు పెట్టి, "జేజీ, మీ తాతకు కొడుకే లేడంటిరే, ఈడ ఉండాడే! ఆయప్పను ఏం చేసినారు?" అంది.

భూమి కోసం ఒక మనిషినే మాయం చేశామని దాని అనుమానం. నాకేమో దాని మీదే అనుమానం. ఇంట్లోవాళ్లను వదిలి కాగితాన్ని నమ్మే పిల్ల, రేపు మమ్మల్ని పుస్తకానికెక్కించి నలుగురిలో నవ్వులపాలు చేయదని ఏమిటి నమ్మకం?

కళ్లజోడు పెట్టుకుని చదివాను. తాతకు కొరివి పెట్టిందెవరని అడిగితే 'నా కొడుకు' అని మా అవ్వ సాక్ష్యమిచ్చినట్టు రాసి ఉంది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

మడకశిర పక్కనున్న మా అమ్మ పుట్టింట్లో ఇద్దరూ ఆడపిల్లలే. మా వైపు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది, కొడుకుల్లేని ఇంట్లో ఒక కూతురికి పెళ్లి చేయకుండా బసివి అని దేవుడి పేర విడిచి, ఇక కొడుకువి నువ్వేనని ఇంట్లోనే ఉంచుకునేవారు. అలా మా అమ్మకు పెళ్లయింది, పెద్దమ్మ కొడుకయింది. భుజాన కంబళి వేసుకుని గొర్రెల మంద వెంట ఆమె వస్తుంటే మగవాళ్లు పక్కకు తప్పుకునేవారు, ఆమె దగ్గరికి వచ్చిపోయే మనిషి గురించి మాత్రం ఎవరూ నోరెత్తేవారు కారు. తాతకు కొరివి పెట్టింది ఆమే, గోడెక్కి నా కళ్లతో చూశాను. ఆడదానికి కొరివేమిటి, భూమేమిటని దాయాదులు కోర్టుకెక్కితే, అవ్వ 'నా కొడుకు' అంటూ పెద్దమ్మ వైపు వేలు చూపించిందని అమ్మ చెప్పేది. రాసుకునేవాడు మాట రాసుకుని వేలును వదిలేశాడు. కోర్టు ఆమెను కొడుకుగా ఒప్పుకోలేదు, భూమి దాయాదుల పాలైంది. పరువు పోతుందని ఆ తర్వాత మేమూ పెద్దమ్మ ఊసెత్తలేదు, అందుకే మనవరాలికి ఏమీ తెలియదు.

కొంచెం గర్వంగానే అంతా చెప్పాను. అది ఫోను పక్కన పెట్టి, "ఆయమ్మకు కొడుకుగా ఉండాలని ఉండెనా జేజీ? ఎవరన్నా అడిగినారా?" అంది.

"ఆ కాలంలో అడిగేదేందే!" అని కసురుకున్నాను కానీ, ఆ రోజు నుంచి నాకు మనసు మనసులో లేదు. ఆ ఆచారం పోయింది, పోవడమే మంచిది. ఈ కాలం పిల్లలు చచ్చిపోయినవాళ్ల ఇష్టాన్ని కూడా అడుగుతున్నారు, మేము బతికున్నవాళ్లనే అడగలేదు. పెద్దమ్మ మా ఇంటికొచ్చినప్పుడల్లా పెట్టె తెరిచి, మా అమ్మ పెళ్లిచీర మడతలు విప్పి, చాలాసేపు చూసి, మళ్లీ జాగ్రత్తగా మడిచిపెట్టేది. పురుగు పట్టిందేమోనని చూస్తోందని అమ్మ అనేది, మేమంతా అదే నమ్మాం.